తల తుంచిన తరువాత వచ్చే పిలకలు
(పొగ మానినవారిని వదలని తహతహ గురించి ఒక చిన్న పాఠం)

పొగ తాగవద్దని చెప్పే మాటలకు మన కళాశాలలో కొదవ లేదు. ఎన్.ఎస్.ఎస్. మిత్రులు ఊరేగింపు తీస్తారు, గోడల మీద నినాదాలు రాస్తారు, నల్లబడ్డ ఊపిరితిత్తుల బొమ్మలు చూపిస్తారు. అవన్నీ తాగేవారికి చెప్పే మాటలు. మానేసినవారికి చెప్పే మాట మాత్రం ఎక్కడా వినపడదు. మానేశాడు కదా, ఇంక వాడికి చెప్పేదేముంది అనుకుంటాం.

నిజానికి అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. మానిన మొదటి వారం అందరూ భుజం తడతారు. నాలుగో నెలలో ఒక సాయంత్రం, ఏ కారణమూ లేకుండా ప్రాణం సిగరెట్ మీదికి లాగినప్పుడు పక్కన ఎవరూ ఉండరు. “ఇన్నాళ్ళయినా పోలేదంటే ఇక ఇది నన్ను వదలదు” అన్న నిరాశ పట్టుకుంటుంది. కాళ్ళను మళ్ళీ బడ్డీకొట్టు వైపు నడిపించేది తహతహ ఒక్కటే కాదు, ఈ నిరాశ కూడా. నా వ్యాసం ఆ నాలుగో నెల మనుషుల కోసం.

ఇది చెప్పడానికి నీకున్న అర్హత ఏమిటని ఎవరైనా అడగవచ్చు. నేను డాక్టర్ని కాను, పొగ తాగినవాడినీ కాను. ప్రకాశం జిల్లాలో వర్జీనియా పొగాకు పండించే రైతు కొడుకుని. నా ఫీజు, నా మెస్ బిల్లు ఆ ఆకు అమ్మితే వచ్చిన డబ్బే. మా నాన్న ముప్పై ఏళ్ళు సిగరెట్లు తాగి, గుండెకు స్టెంట్ వేయించుకుని మానేశాడు. హాస్టల్లో నా గది మిత్రుడు కూడా మానేశాడు. ఇద్దరినీ దగ్గర నుంచి చూశాను. చదువుతున్నది వృక్షశాస్త్రం కనుక, చూసినదాన్ని చదివినదానితో కలిపి అర్థం చేసుకుందామని ప్రయత్నించాను.

మొక్క దగ్గర నేర్చుకోవలసింది

పొగాకు శాస్త్రీయనామం నికోటియానా టబాకమ్. 1560 ప్రాంతంలో పోర్చుగల్‌లో ఫ్రెంచి రాయబారిగా ఉండి, ఆ మొక్కను తన రాజాస్థానానికి పంపించిన జాన్ నికో పేరు మీద వచ్చిన పేరది. అందులోని నికోటిన్‌ను 1828లో జర్మనీలో పోసెల్ట్, రైమన్ అనే ఇద్దరు వేరుచేసి చూపారు. మొక్క దాన్ని మన కోసం చేయదు. తన ఆకు తినే పురుగుల నుంచి కాపాడుకోవడానికి చేసుకుంటుంది. తయారయ్యేది వేళ్ళలో, నిలవ ఉండేది ఆకుల్లో. దాని బలం ఎంతంటే, మంచుకు తడిసిన పచ్చాకు కోసేవారికి చర్మం గుండానే ఒంట్లోకి చేరి తల తిప్పుతుంది, వాంతులు చేయిస్తుంది.

మొక్క పూతకు రాగానే రైతు తల తుంచుతాడు. పువ్వుకూ గింజకూ పోవలసిన సత్తువ ఆకుకు మళ్ళుతుంది. అయితే తల తుంచడంతో పని అయిపోదు. నాలుగు రోజులు పోనిస్తే ఆకుల మొదళ్ళలోంచి పిలకలు లేస్తాయి. కారణం మన పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. కొనమొగ్గ ఉన్నంతకాలం అది కిందికి పంపే ఆక్సిన్ అనే హార్మోన్ పక్కమొగ్గలను అణచి ఉంచుతుంది. దీన్ని అగ్రాధిక్యత అంటాం. కొన పోయిందంటే ఆ అదుపు పోతుంది. పైగా ఒక్కో ఆకు మొదట్లో రెండు మూడు మొగ్గలు దాగి ఉంటాయి. మొదటిది గిల్లితే రెండోది లేస్తుంది, అదీ గిల్లితే ఇంకోటి. అందుకే రైతు సాళ్ళ వెంట మళ్ళీ మళ్ళీ తిరగాలి. పిలకలు రాకుండా పోసే మందులు వచ్చాయి గాని, మందు పోసినా తిరిగి చూసుకోక తప్పదు.

పిలక లేచింది కదా అని ఏ రైతూ “తల తుంచడం దండగైంది” అనుకోడు. తల తుంచాం కాబట్టే పిలక లేచిందని అతనికి తెలుసు. మొగ్గలకు ఒక లెక్క ఉందని, గిల్లుకుంటూ పోతే అవి అయిపోతాయని కూడా తెలుసు. పొగ మానినవాడు తెలుసుకోవలసింది ఈ రెండు సంగతులే. పోలికను ఇంతకంటే సాగదీయను. మనిషి మెదడు మొక్క కాదు. అక్కడ జరిగేది విడిగా చెప్పుకోవాలి.

మెదడులో జరిగేది

పొగతో పీల్చిన నికోటిన్ పది, ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది. అక్కడ ఎసిటైల్ కోలిన్ అనే సహజ రసాయనం కోసం ఏర్పడిన గ్రాహకాలకు అతుక్కుంటుంది. దాంతో డోపమైన్ విడుదలవుతుంది. “ఇది బాగుంది, మళ్ళీ చెయ్యి” అని మెదడుకు నేర్పేది ఆ డోపమైనే. రోజూ తాగేవారి మెదడులో ఈ గ్రాహకాలు తాగనివారిలో కంటే ఎక్కువవుతాయి. రక్తంలోని నికోటిన్ సుమారు రెండు గంటలకు సగమైపోతుంది. గంట గంటకూ చెయ్యి జేబులోకి పోవడానికి కారణం ఇదే.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. కట్టిపడేసేది నికోటిన్, కాని ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెచ్చేది, గుండెకు ఎక్కువ చేటు చేసేది దానితో పాటు లోపలికి పోయే పొగ. సిగరెట్ అయినా, బీడీ అయినా, చుట్ట అయినా అంతే.

మానిన తరువాత రెండు మూడు రోజుల్లో నికోటిన్ ఒంట్లోంచి దాదాపుగా పోతుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం, పుస్తకం మీద మనసు నిలవకపోవడం, ఆకలి ఎక్కువవడం మొదటి వారంలో గట్టిగా ఉంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సద్దుమణుగుతాయి, ఆకలి ఒక్కటి ఇంకొంత కాలం ఉండవచ్చు. పెరిగిన గ్రాహకాలు కూడా కొన్ని వారాల్లో మామూలు స్థాయికి దిగుతాయి. అంటే ఒంటి బాకీ మహా అయితే రెండు మూడు నెలల్లో తీరిపోతున్నది. మరి నాలుగో నెలలో, పన్నెండో నెలలో లాగేది ఏమిటి?

గుర్తులు చేసే పని

దీనికి జవాబు పావ్‌లోవ్ కుక్కల దగ్గర దొరుకుతుంది. తిండి పెట్టే ముందు ప్రతిసారీ ఒక శబ్దం వినిపిస్తూ పోతే, కొన్నాళ్ళకు శబ్దానికే కుక్క నోరూరింది. తరువాత తిండి పెట్టకుండా శబ్దం మాత్రమే పదే పదే వినిపిస్తే నోరూరడం ఆగిపోయింది. పరీక్షలో మనం ఇంతవరకే రాస్తాం. పావ్‌లోవ్ గమనించిన మూడో సంగతి మనకు ముఖ్యం. కొంత వ్యవధి ఇచ్చి మళ్ళీ శబ్దం చేస్తే, ఆగిపోయిందనుకున్న నోరూరడం తిరిగి కనిపించింది. పాత పాఠం చెరిగిపోలేదన్నమాట. దాని మీద కొత్త పాఠం పడింది, అంతే. ఆ తరువాత మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఇంకొకటి తేల్చారు. కొత్త పాఠం నేర్చుకున్న చోటికే ఎక్కువగా అంటిపెట్టుకుని ఉంటుంది. ఒకచోట అణిగిన అలవాటు ఇంకొకచోట తల ఎత్తవచ్చు.

ఇప్పుడు లెక్క వేద్దాం. రోజుకు పది సిగరెట్లు తాగేవాడు ఏడాదికి 3,650 తాగుతాడు. ఒక్కోదానికి పది దమ్ములనుకున్నా 36,500 సార్లు మెదడు అదే పాఠం వల్లె వేసింది. ఆ పాఠం ఒంటరిగా పడలేదు. టీ గ్లాసుతో, భోజనం తరువాతి బద్ధకంతో, బస్టాండులో ఎదురుచూపుతో, కరెంటు పోయిన హాస్టల్ వరండాతో, పరీక్ష ముందు రాత్రితో ముడిపడింది. వీటిలో ఒక్కొక్కటి పావ్‌లోవ్ చేసిన శబ్దం లాంటిదే.

మా నాన్న దీపావళి వెళ్ళిన వారానికి మానేశాడు. సంక్రాంతికి “ఇంక దాని ఊసే లేదు” అన్నాడు. ఆ తరువాత బ్యారన్ వెలిగించాం. ఒక బ్యారన్ ఆకు క్యూరింగ్‌కు ఐదారు రోజులు పడుతుంది. రాత్రింబవళ్ళు వేడి చూసుకుంటూ, కట్టెలు ఎగదోస్తూ కాపలా ఉండాలి. ముప్పై ఏళ్ళుగా ఆ రాత్రులన్నీ ఆయనకు సిగరెట్‌తోనే తెల్లవారాయి. మొదటి రాత్రి నాతో, “అబ్బాయ్, మూణ్ణెల్లు ఉత్తదే అయినట్టుందిరా. ఇవాళే మానినట్టుంది” అన్నాడు.

ఉత్తది కాదు. ఆ మూడు నెలల్లో ఆయన టీ దగ్గర, అన్నం తిన్న తరువాత, పొలం గట్టున ఊరుకోవడం నేర్చుకున్నాడు. బ్యారన్ దగ్గర నేర్చుకునే వీలు మాత్రం అప్పటిదాకా రాలేదు. బ్యారన్ ఏడాదికి ఒక్క కాలమే కదా వెలిగేది! ఆ మాటే చెప్పాను. “అంతేనంటావా?” అని నా మొహం వంక కాసేపు చూసి, కట్టెల పని నాకు అప్పజెప్పాడు. ఆ రాత్రి రెండుసార్లు లేచి చేని గట్టు దాకా నడిచి వచ్చాడు. ఆ కాలమంతా బ్యారన్ దగ్గర సిగరెట్ వెలగలేదు. మరుసటి ఏడాది అడిగితే, “వచ్చిందిరా, గుమ్మం దాకా వచ్చి పోయింది” అన్నాడు.

దీన్నిబట్టి నాకు అర్థమైనది ఇది. రోజూ ఎదురయ్యే గుర్తులు తొందరగా అణుగుతాయి. నెలకోసారి ఎదురయ్యేవి ఇంకా కొన్ని నెలలు తీసుకుంటాయి. ఏడాదికోసారి వచ్చేవి ఏడాది దాటితే గాని అణగడం మొదలు కాదు. విద్యార్థుల విషయంలో ఈ ఆలస్యపు గుర్తులు సెమిస్టర్ పరీక్షలు, విహారయాత్ర, సెలవుల్లో ఊరి స్నేహితులు, వీడ్కోలు సభ. మానిన ఎనిమిది నెలలకు వీడ్కోలు సభ రోజు నాలుక పీకితే, పాత రోగం తిరగబెట్టిందని అర్థం కాదు. సిలబస్‌లో ఆ పాఠం ఇప్పుడు వచ్చిందని అర్థం.

పట్టుదల సడలే చోట్లు

మొదటిది, మానడానికి ఉన్న కారణం అరిగిపోవడం. నా గది మిత్రుడు దగ్గు వల్ల మానేశాడు. పదిహేను వందల మీటర్ల పరుగులో మూడో చుట్టుకే ఆయాసపడేవాడు. మూడు నెలలకు దగ్గు తగ్గింది. దగ్గుతో పాటు మానడానికి కారణమూ పోయింది! “ఇప్పుడు బాగానే ఉన్నా కదరా” అనడం మొదలుపెట్టాడు. రోగం తగ్గాక మందు మీద భక్తి తగ్గడం లోకసహజం. కాబట్టి భయంతో మానినవాళ్ళు, ఆ భయం పోకముందే ఇంకొక కారణం చూసుకోవాలి. నిన్నటి దగ్గు కాకుండా ఈరోజు బతుకులో ఉన్న కారణం కావాలి.

అలాంటి కారణం ఒకటి శాస్త్రం దగ్గర ఉంది. రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే శాస్త్రజ్ఞులు 1951లో బ్రిటిష్ డాక్టర్లతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. యాభై ఏళ్ళ ఫలితాలు 2004లో వెలువడ్డాయి. చివరిదాకా తాగినవారు తాగనివారి కంటే సగటున సుమారు 10 ఏళ్ళు ముందే పోయారు. 60 ఏళ్ళ వయసులో మానినవారు సుమారు 3 ఏళ్ళు, 50లో మానినవారు 6, 40లో మానినవారు 9, 30లో మానినవారు దాదాపు 10 ఏళ్ళూ దక్కించుకున్నారు. సగటు లెక్క ఎవరి నొసట ఏముందో చెప్పదు, నిజమే. అయినా ఇరవై ఏళ్ళ మనకు అది చెప్పేదేమిటంటే, దాదాపు అంతా దక్కించుకోగల వయసులో ఉన్నాం. యాభై దాటిన మా నాన్నకు అది చెప్పేది ఆరేళ్ళు. మా చెల్లెలు ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఆరేళ్ళంటే దాని డిగ్రీ పట్టా. నాన్న ఈ లెక్క విని ఏమీ అనలేదు గాని, అప్పటి నుంచి స్టెంట్ మాట మానేసి చెల్లెలి చదువు మాట ఎత్తుతున్నాడు.

రెండోది, “ఒక్కటే కదా” అనే మాట. దీన్ని ప్రయోగశాలలో కొలిచి చూశారు. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిన ఫలితాల్లో, రోజూ తాగేవారిలో ఒకటి రెండు దమ్ములకే మెదడులోని ముఖ్యమైన నికోటిన్ గ్రాహకాల్లో సుమారు సగం నిండిపోయినట్టు తేలింది. అంటే రుచి చూడటానికని పీల్చే దమ్ము కూడా మెదడు లెక్కలో చిన్నది కాదు.

మూడోది, జారిన తరువాత వచ్చే తెగింపు. నా మిత్రుడు ఆరో నెలలో ఒక పెళ్ళిలో ఒక సిగరెట్ తాగాడు. తిరిగి వచ్చి, “అయిపోయిందిరా, ఆర్నెల్లూ గంగపాలు. ఇంక తాగితే ఏం, మానితే ఏం” అన్నాడు. సాలులో ఒక పిలక కన్నుగప్పి పెరిగిందని చేను దున్నేసేవాడు ఉంటాడా? దాన్ని గిల్లి ముందుకు పోతాం. ఆర్నెల్లలో నేర్చుకున్న పాఠాలు ఒక్క పూటలో ఎగిరిపోవు. శాశ్వతంగా మానినవారిలో చాలామంది మొదటి ప్రయత్నంలోనే గట్టెక్కినవారు కాదు. నా మిత్రుడు మర్నాడే మళ్ళీ మొదలుపెట్టాడు. ఇది రాస్తున్న నాటికి అతను పరుగు పందేనికి తయారవుతున్నాడు.

చేయదగిన పనులు

మన సైన్సు విద్యార్థులకు తెలిసిన ఆయుధం ప్రాక్టికల్ రికార్డు. నా మిత్రుడి చేత ఒక నోటుపుస్తకం పెట్టించాను. నాలుగు గళ్ళు గీశాం: తేదీ, చోటు, ఆ సమయంలో చేస్తున్న పని, తహతహ ఎన్ని నిమిషాలున్నది. మొదటి వారంలో ఒక్కరోజే పదకొండు నమోదయ్యాయి. మూడో నెలలో వారానికి మూడో నాలుగో. నిమిషాల గడిలో చాలావరకు ఐదు లోపే ఉన్నాయి. నిరాశ వచ్చినప్పుడు మనసు “ఎప్పుడూ ఇంతే” అంటుంది. రికార్డు “కాదు” అంటుంది. మనసు మాట కంటే రికార్డు మాట నమ్మాలని మన మాస్టార్లు చెప్పనే చెప్పారు.

ఇంకొన్ని సంగతులు క్లుప్తంగా:

తహతహ అలలాంటిది. లేస్తుంది, విరుగుతుంది. తాగితేనే విరుగుతుందన్నది భ్రమ. గడియారం చూసుకుని ఐదు నిమిషాలు ఆగండి. ఆ ఐదు నిమిషాలు కూర్చోకుండా చురుగ్గా నడవండి. మంచినీళ్ళు తాగండి. నోట్లో నాలుగు సోంపు గింజలో ఒక లవంగమో వేసుకోండి.

మొదటి నెలలో గుర్తులకు దూరంగా ఉండటం తెలివైన పని. కాని ఎల్లకాలం టీకొట్టు మానేస్తే టీకొట్టు పాఠం ఎప్పటికీ నేర్చుకోలేం. కొంచెం నిలదొక్కుకున్నాక, తాగని స్నేహితుణ్ణి తోడు తీసుకుని వెళ్ళి, టీ తాగి, ఊరికే తిరిగి రండి. అలా వచ్చిన ప్రతిసారీ ఒక పిలక గిల్లినట్టే.

రాబోయే ఏడాదిలో ఏయే గుర్తులు ఎదురవుతాయో ముందే రాసి పెట్టుకోండి. తెలిసి వచ్చే వాన కంటే తెలియకుండా వచ్చే వానకే ఎక్కువ తడుస్తాం.

సిగరెట్ మాని ఖైనీకో గుట్కాకో దిగడం మానడం కాదు. ఈ-సిగరెట్లను మన దేశంలో 2019లోనే నిషేధించారు. తట్టుకోలేనంతగా ఉంటే డాక్టరు దగ్గరకు వెళ్ళడంలో నామోషీ ఏమీ లేదు. నికోటిన్ చూయింగ్ గమ్, ఇతర మందులు ఉన్నాయి, వాటిని సలహా మీద వాడాలి. దిగులు మరీ ఎక్కువైతే తప్పకుండా చూపించుకోవాలి. సిగరెట్ పెట్టె మీదనే ముద్రించే 1800 112 356 అనే ఉచిత ఫోను నంబరు మానాలనుకునేవారి కోసమే ఉంది. ఆ పెట్టె మీద పనికొచ్చేది అదొక్కటే.

చివరిగా తాగే మిత్రులకు ఒక మనవి. కన్యాశుల్కంలో గిరీశం శిష్యుడికి అబ్బించిన విద్యల్లో చుట్ట కాల్చడం ఒకటి. నాటకంలో అది చూసి నవ్వుకున్నాం. మానినవాడి మొహం ముందు పెట్టె చాచి “ఒక్క దమ్మురా” అనడం మాత్రం నవ్వులాట కాదు. అతను ఆ పూట ఏ పాఠంతో కుస్తీ పడుతున్నాడో మనకు తెలియదు. మీరు తాగితే తాగండి, అతన్ని అడగకండి. అదే అతనికి మీరు చేసే సాయం.

“పొగాకు రైతు కొడుకువి, పొగ మానమంటావేం?” అని నన్ను అడిగినవాళ్ళున్నారు. పంట సంగతి, ధర సంగతి, దానికి బదులు ఏం వేయాలన్న సంగతి రైతులు తేల్చుకోవలసినవి, ప్రభుత్వం తేల్చవలసినవి. అది వేరే వ్యాసం. ఆ ఆకు బలం ఎంతో దాన్ని పండించిన ఇంటికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందుకే దాన్ని వదిలించుకుంటున్నవాడి మీద నాకు గౌరవం. మానిన మొదటి రోజు అతనికి పట్టుదల ఉంటే చాలు. నాలుగో నెలలో పట్టుదలతో పాటు ఒక ఎరుక కూడా కావాలి: ఈ తహతహ నేను ఓడిపోయానని చెప్పడానికి రాలేదు, తల తుంచాను కాబట్టే వచ్చింది, దీనికీ ఒక లెక్క ఉంది.

— ఒక వృక్షశాస్త్ర విద్యార్థి, తృతీయ సంవత్సరం బి.ఎస్సీ.